బిడ్డ నర్సింగ్ చదువు: అప్పు ఎంత, వచ్చే జీతం ఎంత?

పోయిన ఏడాది ఒక శుక్రవారం సాల్మియాలో ఇంటి పని చేసే ఒక అక్క మా దగ్గరికి వచ్చింది. ఊరు రాయచోటి పక్కన. ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన ఒక కాలేజీ పాంప్లెట్ చూపించింది. జీఎన్ఎం నర్సింగ్, మూడేళ్ళు, హాస్టల్ ఉంది. కింద పెద్ద అక్షరాలతో "గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ" అని ఉంది. పాపకి ఇంటర్ అయిపోయింది. ఊళ్ళో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు ఇస్తానన్నాడు. ఆదివారం ఆమె భర్త నోటు మీద సంతకం పెట్టాలి.

"అన్నా, మూడేళ్ళే కదా. పాప ఇక్కడికి నర్సుగా వస్తే నెలకి 300 దీనార్లంట. అప్పు ఒక్క ఏడాదిలో తీరిపోతుంది. సంతకం పెట్టమని చెప్పేదా?" అని అడిగింది.

నేను పెట్టమనలేదు, వద్దనలేదు. ఒక కాగితం తీసుకుని ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఇలాంటి ప్రశ్నతోనే చాలామంది వచ్చారు. అందులో తాపీ పని చేసే అన్నలు ఉన్నారు, డ్రైవర్లు ఉన్నారు, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. అందుకే ఆ లెక్క అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను. నేను బీకాం చదివినవాణ్ణే గానీ ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు. కూడిక, గుణకారం వస్తే చాలు.

ఒక మాట ముందే చెప్తాను. నర్సింగ్ మంచి చదువు. వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చెప్పేది ఒక్కటే: చదువు కోసం చేసే అప్పుని గల్ఫ్ జీతంతో కొలవకండి. మన ఊరి దగ్గర ఆసుపత్రిలో వచ్చే మొదటి జీతంతో కొలవండి. ఆ జీతంతో తీరే అప్పు అయితే ధైర్యంగా చెయ్యండి. గల్ఫ్ ఉద్యోగం వస్తే అది అదనం.

ముందు చదువుల పేర్లు తెలుసుకోండి

నర్సింగ్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. ఏఎన్ఎం రెండేళ్ళ కోర్సు. జీఎన్ఎం మూడేళ్ళ డిప్లొమా. దీనికి ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు, ఇంగ్లీషు ఉండి 40 శాతం మార్కులు ఉండాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ డిగ్రీ. దీనికి ఇంటర్ బైపీసీ కావాలి. జీఎన్ఎం చదివినవాళ్ళు తర్వాత ఇంకో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు.

ఇవి కాక ఆరు నెలలు, ఏడాది "నర్సింగ్ అసిస్టెంట్" సర్టిఫికెట్లు కొన్ని ఉన్నాయి. వాటితో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా రిజిస్టర్ కాలేరు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడ నర్సు లైసెన్సు మాటే రాదు. అలాంటి సర్టిఫికెట్ కోసం నర్సు జీతం లెక్క వేసుకుని అప్పు చేస్తే మొదట్లోనే మోసపోయినట్టు.

గల్ఫ్ జీతం ఎప్పుడు మొదలవుతుంది?

అక్క లెక్కలో తప్పు ఇక్కడే జరిగింది. "మూడేళ్ళు చదువు, నాలుగో ఏడాది కువైట్" అనుకుంది. వరస అలా ఉండదు.

మూడేళ్ళ చదువు అయ్యాక పరీక్షల ఫలితాలు రావాలి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. ఆ తర్వాత ఆసుపత్రిలో అనుభవం కావాలి. గల్ఫ్‌లో చాలాచోట్ల రెండేళ్ళ అనుభవం అడుగుతారు. అప్పుడు లైసెన్సు పరీక్ష రాయాలి. సౌదీ, ఖతార్, దుబాయ్, ఒమన్ లాంటి చోట్లకి రాసే ఈ పరీక్షనే మనవాళ్ళు ప్రోమెట్రిక్ అంటారు. సర్టిఫికెట్లు నిజమైనవా కాదా అని డేటాఫ్లో అనే సంస్థ ద్వారా పరిశీలన జరుగుతుంది. వీటన్నిటికీ ఫీజులు ఉంటాయి, ఆగాల్సిన నెలలు ఉంటాయి. ఆ పైన ఖాళీలు పడాలి, ఇంటర్వ్యూలో ఎంపిక కావాలి. కొన్ని దేశాల్లో డిప్లొమా నర్సులకి డిగ్రీ నర్సుల కంటే కింది గ్రేడు ఇస్తారు, జీతం కూడా దాన్ని బట్టే ఉంటుంది.

అంటే కాలేజీలో చేరిన రోజు నుంచి లెక్కేస్తే, అన్నీ అనుకున్నట్టు జరిగినా, విమానం ఎక్కేది ఐదున్నర ఆరేళ్ళకి. అప్పు మీద వడ్డీ మాత్రం చేరిన రోజు నుంచే నడుస్తుంది. ఈ మధ్యలో చేతికి వచ్చేది ఊరి జీతమే.

ఊరి మొదటి జీతం ఎంత?

దీనికి కాలేజీవాళ్ళని అడగొద్దు. మీకు దగ్గరలో ఉన్న టౌన్‌లో గత రెండేళ్ళలో జీఎన్ఎం పూర్తి చేసి పనిచేస్తున్న ముగ్గురు నర్సులని అడగండి. చేతికి ఎంత వస్తోంది, నైట్ డ్యూటీకి ఏమైనా కలుపుతున్నారా, హాస్టల్, భోజనం పోను ఎంత మిగులుతోంది అని అడగండి. ముగ్గురిలో తక్కువ చెప్పిన జీతాన్నే లెక్కలో వేసుకోండి.

నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళిన సంగతి కూడా తెలుసుకోవాలి. 2016 జనవరిలో వచ్చిన ఆ తీర్పు తర్వాత కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుకి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలో కూడా నెలకి 20,000 రూపాయలకి తక్కువ ఉండకూడదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు చెయ్యడం రాష్ట్రాల చేతిలో పెట్టారు. సిఫారసు ఉంది కదా అని 20,000 వస్తుందని లెక్క వెయ్యొద్దు. నిజంగా చేతికి వచ్చేది ఎంతో అడిగి వెయ్యండి.

ఈ వ్యాసంలో లెక్క కోసం మొదటి జీతం 15,000 అనుకుంటున్నాను. మీ ఊళ్ళో తెలిసిన అంకె మీరు వేసుకోండి.

ఒకే చదువు, మూడు రకాల అప్పు

ఖర్చు కూడా అనుకుందాం. కాలేజీ ఫీజు ఏడాదికి 70,000. హాస్టల్, మెస్ కలిపి 60,000. యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, బస్సు ఖర్చు 10,000. మొత్తం ఏడాదికి 1,40,000. మూడేళ్ళకి 4,20,000.

మొదటి దారి: అంతా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. "రెండు రూపాయలే" అని వినడానికి చిన్నగా ఉంటుంది. మొదటి ఏడాది తెచ్చిన 1,40,000 మీద మూడేళ్ళ వడ్డీ, రెండో ఏడాది తెచ్చిన దాని మీద రెండేళ్ళ వడ్డీ, మూడో ఏడాది దాని మీద ఒక ఏడాది వడ్డీ. అన్నీ కలిపి 2,01,600. చదువు అయ్యేసరికి బాకీ 6,21,600.

ఇంకో సంగతి. ప్రామిసరీ నోటు మీద కోర్టులో దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళు. అందుకే మూడేళ్ళు కాబోతుండగా అప్పిచ్చినాయన నోటు తిరగరాయమంటాడు. వడ్డీ కూడా అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తాడు. అప్పుడు 6,21,600 మీద నెలకి వడ్డీ 12,432. పాప జీతం 15,000. వడ్డీ కట్టాక మిగిలేది 2,568. అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఈ అంకె దగ్గర అక్క పెన్ను కింద పెట్టింది. "అంటే పాప ఉద్యోగం చేసేది ఆయన కోసమేనా అన్నా?" అంది.

రెండో దారి: అంతా బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్. వడ్డీ ఏడాదికి 11 శాతం అనుకుందాం. చదివే మూడేళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది దాకా కిస్తీ కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. ఆ వడ్డీ 1,38,600. కిస్తీలు మొదలయ్యేసరికి బాకీ 5,58,600. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి ఈఎంఐ 7,695. ఊరి అప్పుతో పోలిస్తే చాలా నయం, పదేళ్ళకి తీరిపోతుంది కూడా. అయినా జీతంలో సగం దీనికే పోతుంది.

మూడో దారి: ఫీజుకి మాత్రమే లోన్, హాస్టల్ ఖర్చు ఇక్కడి నుంచి. ఫీజు మూడేళ్ళకి 2,10,000. అంతవరకే బ్యాంకు లోన్. హాస్టల్, మెస్, పుస్తకాలు నెలకి 5,833 రూపాయలు. దీనార్ 270 రూపాయల లెక్కన అది 22 దీనార్ల లోపు. లోన్ మీద వడ్డీ కూడా చదివేటప్పుడే నెలనెలా కట్టేస్తే, మొదటి ఏడాది నెలకి 642, రెండో ఏడాది 1,283, మూడో ఏడాది 1,925 రూపాయలు. అన్నీ కలిపి మొదటి ఏడాది నెలకి 24 దీనార్లు, మూడో ఏడాది 29 దీనార్లు పంపాలి. చదువు అయ్యాక ఒక ఏడాది ఆ 1,925 వడ్డీని పాప తన జీతంలోంచే కట్టుకోవచ్చు. వడ్డీ పేరుకోదు కాబట్టి కిస్తీలు మొదలయ్యేటప్పటికి బాకీ అదే 2,10,000. పదేళ్ళకి ఈఎంఐ 2,893.

చదువు అదే, కాలేజీ అదే, పాప అదే. మొదటి దారిలో నెలకి 12,432 కట్టినా అప్పు తగ్గదు. మూడో దారిలో 2,893 కడితే తీరిపోతుంది.

అయితే ఎంతవరకు అప్పు చెయ్యొచ్చు?

అమెరికాలో మన జీఎన్ఎం లాగానే డిగ్రీ కంటే తక్కువ కాలం చదివే నర్సింగ్ కోర్సు ఒకటుంది, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ. అది చదివినవాళ్ళూ నాలుగేళ్ళ డిగ్రీ చదివినవాళ్ళూ రిజిస్టర్డ్ నర్సు కావడానికి ఒకే లైసెన్సు పరీక్ష రాస్తారు. అక్కడ చాలామంది పిల్లలు లోన్ మీదే చదువుతారు. అందుకే ఉద్యోగం కోసం చదివే కోర్సుల్లో అప్పుకీ జీతానికీ పొంతన ఉందా అని చూడటానికి అక్కడి విద్యాశాఖ ఒక కొలత పెట్టింది. 2023లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం, చదివి బయటికి వచ్చినవాళ్ళ ఏడాది కిస్తీలు వాళ్ళ ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదు, లేదా కనీస బతుకు ఖర్చు పోను మిగిలేదాంట్లో 20 శాతం దాటకూడదు. రెండూ దాటితే ఆ కోర్సు పిల్లల నెత్తిన మోయలేని అప్పు పెడుతోందని అర్థం.

15,000 జీతంలో 8 శాతం అంటే 1,200. ఆ కిస్తీకి 87,000 రూపాయల అప్పు మాత్రమే తీరుతుంది. మన ఇళ్ళల్లో అంత తక్కువతో చదువు కుదరదు. అందుకని మేం చెప్పే లెక్క కొంచెం వదులుగా ఉంటుంది: ఈఎంఐ మొదటి జీతంలో ఐదో వంతు దాటకూడదు. మిగతా నాలుగు వంతుల్లో పాప టౌన్‌లో గది అద్దె, తిండి, బస్సు, ఇంటికి పంపేది, జబ్బు చేస్తే మందులు అన్నీ సర్దుకోవాలి.

సులువుగా గుర్తుండాలంటే: 11 శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చే లోన్ అయితే లక్షకి నెలకి 1,378 కట్టాలి. దీన్ని పట్టుకుని లెక్కేస్తే, కిస్తీలు మొదలయ్యే రోజుకి ఉండదగిన బాకీ ఇది:

మొదటి జీతం 12,000 అయితే 1,74,000 దాకా.
మొదటి జీతం 15,000 అయితే 2,18,000 దాకా.
మొదటి జీతం 20,000 అయితే 2,90,000 దాకా.

బ్యాంకువాళ్ళు "పదిహేనేళ్ళు పెట్టుకోండి, ఈఎంఐ తగ్గుతుంది" అంటారు. తగ్గుతుంది, లక్షకి 1,137 అవుతుంది. కానీ లక్షకి పదేళ్ళలో మొత్తం 1,65,000 కడితే, పదిహేనేళ్ళలో 2,04,000 పైన కడతారు. గత్యంతరం లేకపోతేనే పదిహేనేళ్ళు పెట్టుకోండి.

బ్యాంకు లోన్ గురించి తెలుసుకోవాల్సినవి

బ్యాంకుల మాదిరి ఎడ్యుకేషన్ లోన్ పథకంలో నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం ఉన్న డిప్లొమా, డిగ్రీ రెండూ వస్తాయి. 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు, ఇంకొకరి హామీ అడగకూడదు. తల్లి గానీ తండ్రి గానీ కలిసి సంతకం చేస్తే చాలు. చదివేటప్పుడే వడ్డీ కడుతూ వస్తే చాలా బ్యాంకులు 1 శాతం వడ్డీ తగ్గిస్తాయి. మధ్యలో డబ్బు చేతికొచ్చి ముందే తీర్చేసినా జరిమానా ఉండదు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో మూడు బ్యాంకులకి పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, చదివే కాలానికీ ఆ తర్వాత ఒక ఏడాదికీ పడే వడ్డీని కేంద్ర ప్రభుత్వమే కట్టే పథకం ఉంది. నర్సింగ్ కాలేజీ అయితే నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం ఉండాలి. నెలకి 120 దీనార్లు వచ్చే అక్కకి ఏడాది ఆదాయం 3,88,800 అవుతుంది. భర్త సంపాదన కూడా కలిపే చూస్తారు, అది గుర్తుంచుకోండి. ఆదాయం దాచి తప్పుడు సర్టిఫికెట్ పెట్టొద్దు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి ఈ వడ్డీ సాయం, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాయని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. సీటు తీసుకోకముందే బ్యాంకులో అడిగి తేల్చుకోండి.

ఇక్కడ ఉంటూ అక్కడి లోన్‌కి సంతకం ఎలా అని చాలామంది అడుగుతారు. భర్త లేదా భార్య ఊళ్ళో ఉంటే వాళ్ళు పెట్టొచ్చు. మీరే పెట్టాల్సి వస్తే ఎంబసీ ధ్రువీకరణతో పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఆదాయానికి రుజువు కావాలి కాబట్టి పని ఒప్పందం, సివిల్ ఐడీ కాపీ, ఎక్స్ఛేంజ్‌లో డబ్బు పంపిన రసీదులు పారెయ్యకుండా దాచుకోండి. జీతం చేతికి తీసుకునే ఇంటి పనివాళ్ళకి ఆ రసీదులే బలం.

డిప్లొమానా, డిగ్రీనా?

బీఎస్సీకి ఒక ఏడాది ఎక్కువ. ఆ ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చుతో పాటు ఒక ఏడాది జీతం కూడా పోతుంది. అయినా దానికి విలువ ఉంది. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ చదివినవాళ్ళు రిజిస్ట్రేషన్ కాగానే పెట్టుకోవచ్చు. జీఎన్ఎం వాళ్ళకి 50 పడకలు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. ఆ ఉద్యోగం మూల వేతనమే 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది. గల్ఫ్ లైసెన్సుల్లో కూడా డిగ్రీకి దారి సులువు.

అందుకని పాప బైపీసీ చదివి ఉంటే ముందు కన్వీనర్ కోటా బీఎస్సీ సీటుకి ప్రయత్నం చెయ్యండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మీ కుటుంబం అర్హమైతే, మేనేజ్‌మెంట్ సీటులో జీఎన్ఎం కంటే కన్వీనర్ సీటులో బీఎస్సీ చవక కావచ్చు. ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం సీటు వస్తే అది ఇంకా మేలు. ఫీజు తక్కువ, స్టైపెండ్ ఇస్తారు. ఇవేవీ రాకపోతేనే డబ్బు కట్టే సీటు గురించి ఆలోచించండి.

జీఎన్ఎం చదివినా దిగులు పడక్కర్లేదు. మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మాత్రం ఇంటి పక్కన పది పడకల నర్సింగ్ హోమ్‌లో వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నా, 50 పడకలు దాటిన ఆసుపత్రిలోనే చేరమనండి. అక్కడి అనుభవం సర్టిఫికెట్ ముందు ముందు పనికొస్తుంది.

మీ సర్వీసు డబ్బుని లెక్కలో ఎక్కడ వెయ్యాలి?

కువైట్ ఇంటి పనివాళ్ళ చట్టం, అంటే 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం సర్వీసు డబ్బుగా రావాలి. 120 దీనార్ల జీతంతో ఆరేళ్ళు చేస్తే 720 దీనార్లు, అంటే 1,94,400 రూపాయలు. పైన చెప్పిన ఫీజు లోన్ దాదాపు మొత్తం దీంతోనే తీరిపోతుంది. అది మీ హక్కు, కఫీల్ దయ కాదు.

కంపెనీల్లో పనిచేసే అన్నలకి 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. నెల జీతం వాళ్ళకి మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. మీ అంతట మీరే రాజీనామా చేస్తే మాత్రం తేడా ఉంది: మూడేళ్ళ లోపు ఏమీ రాదు, మూడు నుంచి ఐదేళ్ళకి సగం, ఐదు నుంచి పదేళ్ళకి మూడింట రెండు వంతులు, పదేళ్ళు దాటితే మొత్తం వస్తుంది. ఐదేళ్ళకి నెల తక్కువగా ఉన్నప్పుడు రాజీనామా పెడితే ఎంత పోతుందో చూసుకోండి.

కానీ ఈ డబ్బు చేతికి వచ్చేదాకా అప్పు లెక్కలో వెయ్యొద్దు. వచ్చాక మాత్రం ఇంటి గేటుకో, ఫంక్షన్‌కో ఖర్చు పెట్టకుండా లోన్ అసలులో కట్టెయ్యండి.

కాలేజీ ఏజెంటు, ఉద్యోగం ఏజెంటు

సీటు ఖాయం చేసుకునే ముందు కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో పేరు ఉందా, ఈ ఏడాదికి ఉందా అని చూడండి. పక్క రాష్ట్రంలో కాలేజీ అయితే ఇది ఇంకా ముఖ్యం. మూడేళ్ళ ఫీజు ఎంతో ఏడాదివారీగా రాయించుకోండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి. చదువయ్యాక అదే ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పని చెయ్యాలని బాండ్ అడిగితే సంతకం పెట్టకండి.

ఉద్యోగం ఏజెంటు దగ్గర ఇంకా జాగ్రత్త. 2015లో కేరళలో సీబీఐ ఒక కేసు పెట్టింది. కువైట్ ఆరోగ్య శాఖలో నర్సు ఉద్యోగాలకి ఒక్కొక్కరి దగ్గర 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు తీసుకున్నారని ఆ కేసులో ఆరోపణ. 2015 నుంచే, ఈసీఆర్ జాబితాలో ఉన్న 18 దేశాలకి వెళ్ళే నర్సులకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేశారు. కువైట్ ఆ జాబితాలో ఉంది. తెలంగాణకి టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ముందు అక్కడ పేరు నమోదు చేయించండి. లైసెన్సు ఉన్న ఏజెంటు అయినా తన సేవకి తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి అడిగితే ఆ ఉద్యోగం కొనుక్కుంటున్నట్టే. చదువు అప్పు మీద ఇంకో అప్పు పడుతుంది.

అక్క ఏం చేసింది?

ఆ ఆదివారం సంతకం పెట్టలేదు. భర్త ఆ కాలేజీకి వెళ్ళి రెండే అడిగాడు: మూడేళ్ళ ఫీజు రాసివ్వండి, గల్ఫ్ ఉద్యోగం గ్యారంటీ అని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. రెండూ ఇవ్వలేదు. ఇంకో కాలేజీ చూసుకున్నారు. అక్కడ పాంప్లెట్ ఇంత రంగులతో లేదు, ఫీజు మాత్రం రాసిచ్చారు. బ్యాంకు లోన్‌కి రెండు నెలలు తిరగాల్సి వచ్చింది. మొదటి టర్మ్ ఫీజుకి అక్క తన గాజులు బ్యాంకులో పెట్టింది, లోన్ రాగానే విడిపించింది.

ఇప్పుడు పాపకి మొదటి ఏడాది అయిపోయింది. అక్క నెలనెలా పాప పేరున డబ్బు విడిగా పంపుతోంది. సులువుగా ఏమీ లేదు. చిన్నోడికి సైకిల్ కొనడం వాయిదా పడింది. కానీ ఎంత బాకీ ఉందో, ఎప్పటికి తీరుతుందో ఆమెకి నోటికి వచ్చు. మొన్న శుక్రవారం కనిపించి, "కువైట్ వస్తే సంతోషం అన్నా, రాకపోయినా మేము మునగం" అంది.

మీ ఇంట్లో కొడుకు చదివినా, కూతురు చదివినా లెక్క ఇదే. సంతకం పెట్టే ముందు ఈ ఏడు ప్రశ్నలకి జవాబులు ఒక కాగితం మీద రాయండి.

1. మూడేళ్ళకి లేదా నాలుగేళ్ళకి ఫీజు, హాస్టల్, ఇతర ఖర్చు మొత్తం ఎంత?
2. ప్రభుత్వ సీటు, కన్వీనర్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాయేమో చూశామా?
3. కాలేజీ గుర్తింపు మన కళ్ళతో చూశామా?
4. ముగ్గురు నర్సులు చెప్పిన వాటిలో తక్కువ జీతం ఎంత? దాంట్లో ఐదో వంతు ఎంత?
5. ఇక్కడి నుంచి నెలకి ఎన్ని దీనార్లు తప్పకుండా పంపగలం?
6. మిగతా ఎంతకి లోన్ కావాలి? కిస్తీలు మొదలయ్యే రోజుకి బాకీ ఎంత అవుతుంది, ఈఎంఐ ఎంత?
7. ఆ ఈఎంఐ నాలుగో ప్రశ్నలో వచ్చిన ఐదో వంతు లోపల ఉందా?

ఏడో జవాబు "ఉంది" అయితే బిడ్డని ధైర్యంగా పంపండి. "లేదు" అయితే చదువు మానిపించకండి. ఫీజు తక్కువ కాలేజీ చూడండి, లోన్ తగ్గించండి, లేదా ఒక ఏడాది ఆగి ప్రభుత్వ సీటుకి ప్రయత్నం చెయ్యండి. లెక్క రాకపోతే కాగితాలు తీసుకుని శుక్రవారం మా దగ్గరికి రండి. కూర్చుని వేద్దాం. సంతకం పెట్టక ముందే రండి.